ఒంటి మీద ఊరు
ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ చరిత్ర – 7వ భాగం

1996 సెప్టెంబరు 16. మెల్‌బోర్న్ నగరం తూర్పు శివారులోని క్యాంబర్‌వెల్ సివిక్ సెంటర్ కిక్కిరిసిపోయింది. హాథార్న్ ఫుట్‌బాల్ క్లబ్ సభ్యులు తమ క్లబ్ బతకాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి వచ్చారు. డబ్బుకు కటకటలాడుతున్న హాథార్న్‌ను మెల్‌బోర్న్ క్లబ్‌తో కలిపేసి, ‘మెల్‌బోర్న్ హాక్స్’ పేరుతో ఒకే జట్టును నిలబెట్టాలన్నది రెండు క్లబ్బుల పెద్దల ప్రతిపాదన. లీగ్ కూడా దానికి డబ్బు ఆశ చూపింది. కొత్త జట్టు వేసుకోవలసిన జెర్సీ సైతం తయారైపోయింది. మెల్‌బోర్న్ వారి ఎరుపు, ముదురు నీలం రంగుల మీద హాథార్న్‌ను తలపించే పసుపు ‘వి’ పట్టీ, డేగ బొమ్మ.

డాన్ స్కాట్ వేదిక ఎక్కాడు. హాథార్న్ తరఫున 302 మ్యాచ్‌లు ఆడి, మూడు టైటిళ్ళలో పాలుపంచుకున్న మాజీ కెప్టెన్. ఆ కొత్త జెర్సీని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. డేగ బొమ్మను పట్టి లాగాడు. వెల్క్రోతో అతికించినది కదా, చర్రుమంటూ ఊడి వచ్చింది. పసుపు పట్టీనీ అలాగే పీకేశాడు. చేతిలో మిగిలింది అచ్చంగా మెల్‌బోర్న్ జెర్సీ. ఈ కలయికలో హాథార్న్‌కు దక్కేదేమిటో చెప్పడానికి స్కాట్‌కు ఇక లెక్కల పుస్తకాలతో పని లేకపోయింది. హాథార్న్ సభ్యులు ప్రతిపాదనను తిప్పికొట్టారు. అదే రోజు వేరే హాల్లో సమావేశమైన మెల్‌బోర్న్ సభ్యులు విలీనానికి ఒప్పుకున్నా, రెండో పక్షం లేకుండా పెళ్ళి జరగదు గనక వ్యవహారం అక్కడితో ఆగిపోయింది.

స్కాట్ చేసింది నాటకమే అనుకున్నా, దాని వెనక రెండు వారాల ఉద్వేగం ఉంది. ఆగస్టు 31న ఇవే రెండు జట్లు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో తలపడ్డాయి. విలీనమైతే ఆ రెండింటి మధ్యా అదే ఆఖరి పోటీ. జేసన్ డన్‌స్టల్ ఒక్కడే 10 గోల్స్ కొట్టి, ఆ సీజన్‌లో 100 గోల్స్ పూర్తిచేశాడు. హాథార్న్ ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. మ్యాచ్ ముగిశాక డిఫెండర్ క్రిస్ లాంగ్‌ఫర్డ్ ఒంటి మీది జెర్సీ విప్పి, తల మీదుగా పైకెత్తి, అభిమానులకు చూపిస్తూ మైదానం వీడాడు. ఆ గోధుమ, పసుపు చారల గుడ్డను చూసి స్టాండ్స్‌లో జనం కంటతడి పెట్టారు. మర్నాడే, సెప్టెంబరు 1న, దేశానికి ఆ చివర పెర్త్‌లో, ఫిట్జ్‌రాయ్ అనే మరో క్లబ్ నిజంగానే తన ఆఖరి మ్యాచ్ ఆడింది. 1897లో లీగ్ మొదలైన నాటి నుంచీ ఉన్న ఎనిమిది క్లబ్బుల్లో అదొకటి. ఫ్రీమాంటిల్ చేతిలో చిత్తుగా ఓడి, బ్రిస్బేన్ బేర్స్‌లో కలిసిపోయింది.

ఒక చొక్కా కోసం ఇంత గొడవేమిటని బయటివారికి అనిపించవచ్చు. ఈ ఆట చరిత్ర తెలిస్తే అలా అనిపించదు. పేర్లు మారాయి, మైదానాలు మారాయి, క్లబ్బులు రాష్ట్రాలు దాటి వలసపోయాయి. అభిమానికి చివరికి మిగిలింది ఆ రంగులే. వాటి మీద చెయ్యి పడినప్పుడల్లా జనం తిరగబడ్డారు.

* * *

మొదట్లో ఈ ఆటకు యూనిఫాం అన్నదే లేదు. 1858 జులైలో టామ్ విల్స్ అనే క్రికెటర్ ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు మొద్దుబారకుండా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకుందాం, దానికి నియమాలూ రాసుకుందాం అన్నది అందులోని సారాంశం. మన పాఠకులకు బాక్సింగ్ డే టెస్టుల వల్ల బాగా తెలిసిన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ పక్కనున్న పార్కులో అదే ఏడాది ఆగస్టు 7న రెండు బడుల పిల్లలు, ఒక్కో వైపు 40 మంది చొప్పున, ఆట మొదలుపెట్టారు. మూడు శనివారాలు ఆడినా ఫలితం తేలలేదు. చెరో గోల్‌తో సరిపెట్టుకున్నారు. అంపైర్లలో ఒకడు విల్స్, ఇంకొకడు జాన్ మెకాడమ్ అనే రసాయన శాస్త్రవేత్త. ఇవాళ సూపర్‌మార్కెట్లలో దొరికే మెకాడేమియా గింజలకు ఆ పేరు ఆయన మీదుగా వచ్చిందే.

మరుసటి ఏడాది నియమాలు రాసుకున్నారు. గుడ్డు ఆకారపు బంతి, అండాకారపు మైదానం, ఇటు నాలుగు అటు నాలుగు స్తంభాలు, జట్టుకు 18 మంది అన్నవి క్రమంగా కుదురుకున్నాయి. నడిమి రెండు స్తంభాల మధ్యగా తంతే 6 పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే 1 అన్న లెక్క ఇంకా తర్వాత వచ్చింది. తొలి దశాబ్దాల్లో ఎవరు ఏ జట్టో పోల్చుకోవడానికి టోపీ రంగే ఆధారం. తర్వాత గరుకు కాన్వాసుతో కుట్టిన చేతుల్లేని జాకెట్లు వచ్చాయి. ముందు వైపు తాడుతో బిగించి కట్టుకునేవారు. ఒంటికి అతుక్కుని ఉండే ఆ బట్ట ప్రత్యర్థి చేతికి పట్టు దొరకనిచ్చేది కాదు. ఆ పైన వచ్చిన ఉన్ని జెర్సీని అక్కడివాళ్ళు గెర్న్సీ అనీ, జంపర్ అనీ పిలుచుకుంటారు. వానాకాలపు బురదలో నానితే మోపెడు బరువయ్యేది.

ఆ ఉన్నిలోనే డిజైన్ల రహస్యం ఉంది. రంగు దారాలతో అల్లే జెర్సీ మీద అడ్డచారలు, నిలువు చారలు, ఛాతీకి అడ్డంగా ఐమూలగా పోయే పట్టీ, మెడ దగ్గర ‘వి’ ఆకారం లాంటివే తేలిగ్గా కుదురుతాయి. అందుకే పాత క్లబ్బుల గుర్తులన్నీ అలాంటి సాదా గీతలే. కాలింగ్‌వుడ్‌కు నలుపు తెలుపు నిలువు చారలు. ఎస్సెండన్‌కు నలుపు మీద ఎర్ర పట్టీ. రిచ్‌మండ్‌కు నలుపు మీద పసుపు పట్టీ. జీలాంగ్‌కు నీలం, తెలుపు అడ్డచారలు. స్టేడియంలో ఆ చివరన కూర్చున్నవాడికీ, వానలో తడిసిన కళ్ళజోడు తుడుచుకుంటున్నవాడికీ ఇట్టే తెలిసిపోతాయి. 1990లలో పాలిస్టర్ మీద ఏ బొమ్మనైనా అచ్చువేసే వీలు వచ్చాక జెర్సీల మీద పక్షులూ జంతువులూ నిప్పురవ్వలూ స్వైరవిహారం చేశాయి. వాటిలో చాలావాటిని ఇవాళ తలుచుకునేవారు లేరు. గీతల జెర్సీలు మాత్రం నూరేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు.

అంకెలు ఆలస్యంగా వచ్చాయి. 1903లో ఫిట్జ్‌రాయ్, కాలింగ్‌వుడ్ జట్లు ఈ ఆట అంతగా తెలియని సిడ్నీకి వెళ్ళి ఆడినప్పుడు, అక్కడి జనం పోల్చుకునేందుకు వీలుగా వీపుల మీద నెంబర్లు వేశారు. లీగ్ మొత్తానికి అది 1912లో నియమమైంది. ఏ నెంబరు ఎవరిదో చెప్పే ‘ఫుట్‌బాల్ రికార్డ్’ అనే చిన్న పుస్తకం కూడా అదే ఏడాది గేట్ల దగ్గర అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత ఒక్కో నెంబరుకు వంశవృక్షం పెరిగింది. హాథార్న్‌లో 23 స్కాట్‌ది. అతని తర్వాత డెర్మట్ బ్రెరటన్, ఇంకా తర్వాత లాన్స్ ఫ్రాంక్లిన్ వేసుకున్నారు. ఆ నెంబరు దక్కిన కుర్రాడికి తన ముందు దాన్ని ఎవరు వాడారో ముందే తెలిసి ఉంటుంది.

నెంబరు ఎంత లోతుగా నాటుకుపోయిందో 1993లో సిడ్నీలో జరిగిన ఒక సంఘటన చెబుతుంది. సెయింట్ కిల్డా జట్టుతో మ్యాచ్ నడుస్తుండగా ఎవరో ఒక పందిని మైదానంలోకి వదిలారు. దాని ఒంటి మీద 4 అంకె వేసి ఉంది. సెయింట్ కిల్డా తరఫున గోల్స్ వరద పారిస్తున్న భారీకాయుడు టోనీ లాకెట్ నెంబరు అది. పేరు రాయనవసరం లేకుండానే ఎగతాళి అందరికీ అర్థమైంది. రెండేళ్ళకు లాకెట్ సిడ్నీ జట్టులోనే చేరాడు, అదే 4 నెంబరు వేసుకుని. 1999 జూన్ 6న తన 1,300వ గోల్ కొట్టి, 1937 నుంచి గార్డన్ కవెంట్రీ పేరున ఉన్న రికార్డును దాటినప్పుడు, అదే మైదానంలోకి సిడ్నీ జనం వేలాదిగా పరుగెత్తుకొచ్చి అతణ్ణి చుట్టుముట్టారు.

పంది వచ్చిన 1993లోనే ఇంకో బట్ట కూడా చరిత్రకెక్కింది. వెస్ట్ కోస్ట్ జట్టు మీద చివరి క్షణాల గోల్‌తో ఎస్సెండన్ గెలవగానే, కోచ్ కెవిన్ షీడీ కుదురుగా ఉండలేక ఒంటి మీది కోటు విప్పి గిరగిరా తిప్పుతూ మైదానంలోకి పరుగు తీశాడు. అప్పటి నుంచి ఈ రెండు జట్లలో ఏది గెలిచినా, ఆ జట్టు అభిమానులు కోట్లూ కండువాలూ తిప్పడం ఆచారమైంది.

* * *

రంగులు దేశభక్తికి పరీక్ష పెట్టిన సందర్భం కూడా ఉంది. సెయింట్ కిల్డా రంగులు ఎరుపు, తెలుపు, నలుపు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఒక చిక్కు వచ్చిపడింది. జర్మన్ సామ్రాజ్యపు జెండాలో ఉన్నవీ ఇవే మూడు రంగులు. కుర్రాళ్ళు శత్రువుతో పోరాడటానికి ఓడలెక్కుతుంటే, శనివారం మధ్యాహ్నం శత్రువు రంగులు వేసుకుని ఆడడం ఎలా? 1915లో క్లబ్ తెలుపును తీసేసి పసుపును పెట్టుకుంది. ఎరుపు, పసుపు, నలుపు అంటే జర్మనీ దాడికి గురైన బెల్జియం రంగులు. ఒక్క రంగు మార్పుతో శత్రువు జెండా కాస్తా మిత్రుడి జెండా అయింది. తెలుపు తిరిగి వచ్చింది 1920లలోనే. సెయింట్ కిల్డా తన ఏకైక టైటిల్‌ను, 1966లో కాలింగ్‌వుడ్ మీద ఒకే ఒక్క పాయింటు తేడాతో, ఆ పాత మూడు రంగులతోనే గెలిచింది.

యుద్ధం ఆటనూ కుదిపేసింది. 1916లో నాలుగంటే నాలుగు క్లబ్బులే బరిలో మిగిలాయి. లీగ్ దశలో ఆఖరి స్థానంలో నిలిచిన ఫిట్జ్‌రాయ్, ఉన్నవి నాలుగే కాబట్టి ఫైనల్స్‌కు వెళ్ళి, టైటిల్ గెలుచుకుంది. ఒకే ఏడాది అట్టడుగున నిలిచి, చాంపియన్ కూడా అయిన జట్టు ఈ లీగ్‌లో మరొకటి లేదు.

శాంతికాలంలో రంగులకు ముప్పు మరో దారిలో వచ్చింది. 1975లో ఆస్ట్రేలియాకు కలర్ టీవీ వచ్చింది. మెల్‌బోర్న్ క్లబ్ ముదురు నీలం తెర మీద నల్లగా కనబడుతోందని దాన్ని లేత పరచి దశాబ్దం పైగా ఆడింది, తర్వాత మళ్ళీ ముదురుకే వచ్చింది. 1997లో కార్ల్‌టన్ ఇంకా ముందుకు పోయింది. ‘ముదురు నీలం వీరులం’ అని గీతం పాడుకునే ఆ క్లబ్, ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్ కంపెనీ కొత్త నీలం గోళీల ప్రచారం కోసం ఒక మ్యాచ్‌కు లేత నీలం జెర్సీతో దిగింది. కార్ల్‌టన్ అభిమానులు ఆ రోజును ఇప్పటికీ అవమానంగానే చెప్పుకుంటారు. వారి కోపంలో న్యాయం ఉంది. టీవీ కోసం రంగు లేత పరచడానికి ఆటకు సంబంధించిన కారణం ఒకటైనా ఉంది. చాక్లెట్ గోళీ కోసం మార్చడానికి అదీ లేదు.

* * *

ఈ ఆట చరిత్రలో అన్నిటికన్నా బరువైన ఘట్టంలో జెర్సీ చేసిన పని వేరు. అక్కడ అది పక్కకు తొలగింది.

1993 ఏప్రిల్ 17, విక్టోరియా పార్క్. కాలింగ్‌వుడ్ సొంత గడ్డ అది. ఇరుకు వీధుల మధ్య, ప్రేక్షకులు ఆటగాళ్ళ మీద పడేంత దగ్గరగా ఉండే మైదానం. సెయింట్ కిల్డా జట్టులో ఇద్దరు ఆదివాసీ ఆటగాళ్ళు: పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన నూంగర్ తెగవాడు నిక్కీ విన్‌మార్, అతని స్నేహితుడు గిల్బర్ట్ మెకాడమ్. ఆట మొదలవ్వక ముందు నుంచే వాళ్ళిద్దరి మీదా జాతి పేరుతో తిట్లు కురిశాయి. ఇద్దరూ ఆ రోజు ఆటతోనే జవాబు చెప్పాలనుకున్నారు. మెకాడమ్ ఐదు గోల్స్ కొట్టాడు. విన్‌మార్ మైదానమంతా తానై ఆడాడు. ఏళ్ళ తరబడి అక్కడ గెలవని సెయింట్ కిల్డా 22 పాయింట్ల తేడాతో గెలిచింది.

సైరన్ మోగింది. విన్‌మార్ కాలింగ్‌వుడ్ అభిమానుల గుంపు వైపు తిరిగాడు. ఒక చేత్తో జెర్సీని ఛాతీ దాకా ఎత్తి పట్టుకున్నాడు. రెండో చేతి వేలిని తన ఒంటి చర్మం మీద పెట్టి చూపించాడు. తాను నల్లవాణ్ణనీ, అందుకు గర్వపడుతున్నాననీ వాళ్ళకు వినబడేలా చెప్పాడు. వేన్ లడ్‌బీ, జాన్ ఫెడర్ అనే ఇద్దరు పత్రికా ఫొటోగ్రాఫర్లు ఆ క్షణాన్ని పట్టుకున్నారు. ఆ ఫొటోలో ఎరుపు, తెలుపు, నలుపు చారల ఉన్ని ముద్దగా ముడతలు పడి ఛాతీ మీద ఉంది, కింద చెమటతో మెరుస్తున్న నల్లటి పొట్ట, దాని మీద ఆనించిన వేలు. విన్‌మార్ తన గుండె ధైర్యాన్ని చూపించాడే తప్ప రంగును కాదని మొదట్లో కొందరు భాష్యం చెప్పబోయారు. లడ్‌బీ తన చెవులతో విన్న మాట మీద పట్టుబట్టి నిలబడ్డాడు.

ఆ తర్వాతి రోజులు ఆ వేలి అవసరాన్ని రుజువు చేశాయి. ఆదివాసీలు తెల్లవాళ్ళలా నడుచుకున్నంత కాలం అందరూ గౌరవిస్తారన్న అర్థం వచ్చేలా కాలింగ్‌వుడ్ అధ్యక్షుడు మాట్లాడి, క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 1994 మొదట్లో ఆ క్లబ్ డార్విన్‌కు వెళ్ళి ఆదివాసీ ఆల్‌స్టార్స్ జట్టుతో ఆడి ఓడింది. 1995లో ఎస్సెండన్ ఆటగాడు మైకేల్ లాంగ్ తనను మైదానంలో జాతి పేరుతో దూషించారని బహిరంగంగా ఫిర్యాదు చేశాక, ఆ ఏడాదే లీగ్ అలాంటి దూషణను నిషేధిస్తూ నియమం తెచ్చింది.

ఈ గాయం విన్‌మార్‌తో మొదలైంది కాదు. 1920లలో డగ్ నికోల్స్ అనే పొట్టి, మెరుపు వేగపు ఆదివాసీ కుర్రాడు కార్ల్‌టన్‌లో చేరబోతే, అతని ఒంటికి మర్దన చెయ్యడానికి కూడా అక్కడివారు నిరాకరించారు. అతణ్ణి చివరికి ఆదరించింది ఫిట్జ్‌రాయ్. ఆయనే 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. నేడు ఏటా ‘సర్ డగ్ నికోల్స్ రౌండ్’లో అన్ని క్లబ్బులూ ఆదివాసీ కళాకారులు గీసిన జెర్సీలు వేసుకుంటాయి. నదులు, తెగల గుర్తులు, ఆటగాళ్ళ కుటుంబాల కథలు వాటి మీద చుక్కలుగా, వలయాలుగా కనిపిస్తాయి. అచ్చువేసే పాలిస్టర్ ఈ ఆటకు చేసిన అసలైన మేలు ఇదే. అయితే జెర్సీ మారినంత తేలిగ్గా స్టాండ్స్ మారలేదు. 2015లో అలాంటి జెర్సీ వేసుకుని గోల్ కొట్టి యుద్ధ నృత్యపు అడుగు వేసిన ఆడమ్ గుడ్స్‌ను ఆ సీజన్ పొడవునా ప్రేక్షకులు అల్లరి చేసి, ఆటే వదిలేసేలా చేశారు. లీగ్ అతనికి క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది. ఆ ఏడాదే పెర్త్ స్టేడియం ముందు విన్‌మార్ విగ్రహం వెలిసింది, జెర్సీ ఎత్తి పట్టుకున్న భంగిమలోనే.

* * *

ఊరు వదిలిపోయిన క్లబ్బుల సంగతి. 1982లో సౌత్ మెల్‌బోర్న్ జట్టు సిడ్నీకి తరలిపోయింది. కొన్నేళ్ళకు జెర్సీ మీదికి ఒపేరా హౌస్ ఆకారం వచ్చింది. పాత ఊరివాళ్ళు మాత్రం ఎరుపు తెలుపుల్ని పట్టుకుని వేలాడారు. 2005లో సిడ్నీ టైటిల్ గెలిచినప్పుడు, 1933 నుంచి ఎదురుచూసిన సౌత్ మెల్‌బోర్న్ ముసలివాళ్ళు కూడా తమ ఊరే గెలిచిందన్నట్టు పండగ చేసుకున్నారు. ఫిట్జ్‌రాయ్‌ని కలుపుకున్న బ్రిస్బేన్ దాని సింహాన్ని ఛాతీ మీద పెట్టుకుని 2001, 2002, 2003ల్లో వరసగా మూడుసార్లు చాంపియన్ అయింది. అదే క్లబ్ 2010లో ఆ సింహాన్ని తీసేసి, కొత్త సింహం తలను పెట్టింది. ఐస్‌ఫ్రూట్ అట్ట మీది బొమ్మలా ఉందంటూ అభిమానులు దానికి ‘పాడిల్‌పాప్ సింహం’ అని పేరుపెట్టారు. ఫిట్జ్‌రాయ్ తరఫువారు కోర్టు దాకా వెళ్ళారు. 2015లో పాత సింహం తిరిగొచ్చింది.

పోర్ట్ అడిలైడ్ పోరు ఇంకా పొడవైనది. 1870లో పుట్టిన ఈ రేవు పట్టణపు క్లబ్ ఒకప్పుడు మెజెంటా, నీలం రంగుల్లో ఆడేది. ఆ అద్దకాలు దొరకడం కష్టమైపోయి, 1902లో నలుపు తెలుపులకు మారింది. నిలువు పట్టీలతో రేవు స్తంభాలను తలపించే ఆ జెర్సీకి జనం ‘జైలు ఊచలు’ అని పేరుపెట్టారు. 1997లో జాతీయ లీగ్‌లో చేరేటప్పుడు తలుపు దగ్గరే అడ్డంకి ఎదురైంది. నలుపు తెలుపు చారలూ, మాగ్‌పైస్ అన్న పేరూ అప్పటికే కాలింగ్‌వుడ్‌వి. పోర్ట్ తన నలుపు తెలుపులకు వెండి, నీలి ఆకుపచ్చ రంగులు జోడించి, ‘పవర్’ అనే కొత్త పేరుతో లోపలికి అడుగుపెట్టింది.

ఊచల జెర్సీకి అప్పుడప్పుడే అనుమతి దొరికేది. 2014 ఫైనల్స్‌లో రిచ్‌మండ్‌తో ఆడేటప్పుడు జెర్సీలు కలిసిపోతాయన్న వంకతో దాన్ని వేసుకుని 57 పాయింట్లతో గెలిచింది. 2020లో క్లబ్ 150వ ఏడు సందర్భంగా, అడిలైడ్ నగరపు మరో జట్టు క్రోస్‌తో జరిగే ‘షోడౌన్’లో వేసుకుని 75 పాయింట్లతో గెలిచింది. 2021లో మళ్ళీ అడిగితే లీగ్ కాదంది. ఆ ఏడాది మే నెల షోడౌన్‌లో పోర్ట్ మామూలు జెర్సీతోనే ఆడి గెలిచింది. గెలిచి డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళిన ఆటగాళ్ళు జెర్సీలు మార్చుకుని, ఊచల జెర్సీల్లో ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, టీవీ కెమెరాల ముందు క్లబ్ గీతం పాడారు. మైదానంలో వేసుకోవద్దన్నారు గానీ గదిలో వద్దనలేదుగా! 2023లో కాలింగ్‌వుడ్ మెత్తబడింది. షోడౌన్‌ల వరకు ఊచల జెర్సీ వేసుకోవచ్చునని ఒప్పందం కుదిరింది. మిగతా మ్యాచ్‌లకు మాత్రం పోర్ట్ నీలి ఆకుపచ్చ రంగుతోనే దిగాలి.

(సశేషం)